సరస్సు ఒడ్డున ధర్మరాజు
(కష్టకాలములో పాత్రల స్వభావము వెల్లడియగు తీరు)



పురాణేతిహాసములు వినే భక్తులలో పలువురికి ఒక సందేహము కలుగుతూ ఉంటుంది. ధర్మము తప్పనివారికే ఇన్ని కష్టములు ఎందుకు వచ్చినవి? సత్యము వీడని హరిశ్చంద్రుడు కాటికాపరి కావలసి వచ్చినది. నలుడు రాజ్యమును పోగొట్టుకొని కట్టుబట్టతో అడవుల పాలైనాడు. పాండవులు పన్నెండేండ్లు వనములలో తిరిగి, పదమూడవ ఏట పరుల కొలువులో దాగి యుండవలసి వచ్చినది. పూర్వకర్మ ఫలమని పెద్దలు చెప్పే సమాధానము మనకు తెలిసినదే. అయితే మహాకవులు కథ నడిపిన తీరును గమనించినచో మరియొక సమాధానము కూడ దొరుకుతుంది. కష్టము రానిచో వారెవరో మనకు తెలిసేది కాదు.

'పాత్ర' అనే మాటను చూడండి. కథలోని వ్యక్తిని పాత్ర అంటాము. నీరు పోసికొనే గిన్నెనూ పాత్ర అంటాము. యోగ్యుడైనవానికి చేసే దానమును పాత్రదానము అంటాము. కుమ్మరి వద్ద కుండ కొనేవాడు దాని రంగు చూచి తృప్తిపడడు. వ్రేలితో కొట్టి చూస్తాడు. పగులు లేని కుండ ఖంగుమంటుంది, పగులున్నది బొదబొదమంటుంది. ఆ దెబ్బ పగులును పుట్టించలేదు, లోపలనున్న దానిని బయట పెట్టినది. కష్టము చేసే పనియూ ఇంతే.

మన ఆలంకారికులు ఈ సంగతిని ఎరిగినవారే. పదవ శతాబ్దమునాటి ధనంజయుడు దశరూపకములో నాయకులను ధీరోదాత్తుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు, ధీరోద్ధతుడు అని నాలుగు విధములుగా విభజించినాడు. స్వభావములు నాలుగైనా అన్నిటికి ముందున్న మాట 'ధీర' అన్నదే. చలించుటకు కారణము ఎదురైనప్పుడే కదా ధైర్యమున్నదో లేదో తెలిసేది!

అయితే కష్టము వచ్చినంత మాత్రమున పాత్ర వెల్లడి కాదు. కష్టములో రెండు దారులు కనబడవలెను. ఆ రెండింటిలో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అయినచో అది పెద్ద పరీక్ష కాదు. రెండు దారులకూ సమర్థన ఉండి, దేనిని పట్టినా ఒక నష్టము తప్పనప్పుడు దానిని ధర్మసంకటము అంటాము. మనిషి లోతు తెలిసేది అక్కడనే. దీనికి మహాభారతములోని ధర్మరాజు కంటె మంచి ఉదాహరణము దొరకదు.

శకుని ఎత్తిపొడుపు

ముందుగా సభాపర్వములోని జూదమును తలచుకొనవలెను. ధర్మరాజు ధనమును, రథములను, గుఱ్ఱములను, రాజ్యమును వరుసగా ఒడ్డి ఓడిపోయినాడు. తరువాత తమ్ములను ఒడ్డవలసి వచ్చినప్పుడు మొదట నకులుని, పిదప సహదేవుని పణము పెట్టినాడు. ఇద్దరూ మాద్రి కుమారులే. అప్పుడు శకుని ఒక విషపు మాట విసిరినాడు. మాద్రి బిడ్డలను ఓడినావు గాని, భీమార్జునులు నీకు అంతకంటె ప్రియులు కాబోలునని ఎత్తిపొడిచినాడు. ఒకే మనస్సుగా ఉన్న మాలో భేదము పుట్టించ చూస్తున్నావా అని ధర్మరాజు కోపగించి, ఆ వెంటనే అర్జునుని, భీముని, తనను, చివరకు ద్రౌపదిని సైతము ఒడ్డినాడు.

ఆ సభలో ధర్మరాజు చేసిన పనిని మనము సమర్థించనక్కరలేదు. వ్యాసమహర్షియే సమర్థించలేదు. మనము గమనించవలసినది శకుని మాటను. సవతితల్లి బిడ్డలు నీకు తక్కువ కారా అన్న ప్రశ్న అది. నోటితో ఎంత కాదన్నా అటువంటి ప్రశ్నకు సమాధానము కాదు. మనిషి నడతయే సమాధానము చెప్పవలెను. ధర్మరాజుకు ఆ అవకాశము పన్నెండేండ్ల తరువాత వచ్చినది.

యక్షుడు అడిగినది

అరణ్యపర్వము చివర వచ్చే యక్షప్రశ్నల ఘట్టము అందరికి తెలిసినదే. తెలుగు భారతములో నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషమును పూరించిన ఎఱ్ఱన భాగములో ఇది వస్తుంది. ఒక బ్రాహ్మణుని అరణిని లేడి కొమ్ములకు తగిలించుకొని పారిపోయినది. పాండవులు దానిని వెంబడించి అలసిపోయినారు. దాహము తీర్చుకొనుటకు నకులుడు, సహదేవుడు, అర్జునుడు, భీముడు ఒకరి తరువాత ఒకరు సరస్సునకు వెళ్ళినారు. అదృశ్యముగా వినబడిన హెచ్చరికను లెక్కచేయక నీరు త్రాగి ఒడ్డున పడిపోయినారు.

చివరగా వచ్చిన ధర్మరాజు నలుగురు తమ్ములనూ నిర్జీవులుగా చూచినాడు. ఆ దుఃఖములో నిలబడి యక్షుని ప్రశ్నలన్నిటికి సమాధానములు చెప్పినాడు. ఆ ప్రశ్నలనూ జవాబులనూ మనము ఎంతో ప్రీతితో వల్లె వేస్తాము. కాని అసలు పరీక్ష అవి ముగిసిన తరువాత వచ్చినది. నీ తమ్ములలో ఒక్కనిని బ్రతికిస్తాను, ఎవరు కావలెనో చెప్పుమన్నాడు యక్షుడు. ప్రశ్నలకు పాండిత్యము చాలినది. దీనికి పాండిత్యము చాలదు.

ధర్మరాజు నకులుని కోరినాడు.

యక్షునికే ఆశ్చర్యము వేసినది. పదివేల ఏనుగుల బలము గల భీముని, మీకందరికి దిక్కైన అర్జునుని విడిచి నకులుని ఎందుకు కోరినావని అడిగినాడు. తన తండ్రికి కుంతి, మాద్రి అని ఇద్దరు భార్యలని, కుంతి బిడ్డలలో తాను మిగిలియున్నాడు గనుక మాద్రి బిడ్డలలోనూ ఒకడు మిగులవలెనని, తల్లులిద్దరు తనకు సమానులని ధర్మరాజు చెప్పినాడు. ఆనృశంస్యమే, అనగా క్రూరత్వము లేకుండుటయే, పరమధర్మమని తన నమ్మకమును వెల్లడించినాడు.

ఆ కోరిక విలువ ఎంత?

ఈ జవాబును మనము త్వరగా మెచ్చుకొని ముందుకు సాగిపోతాము. ఒక్క నిమిషము ఆగి లెక్క వేయవలెను.

మొదటిది, ధర్మరాజు వదలుకొన్నది ఏమి? అజ్ఞాతవాసము ముందున్నది, యుద్ధము పొంచియున్నది. భీముడో అర్జునుడో లేనిదే రాజ్యము తిరిగి వచ్చే ఆశ లేదు. ద్రౌపది అవమానమునకు బదులు తీర్చుకొనుటయూ సాధ్యము కాదు. అర్జునుని కోరినా ఎవరూ తప్పు పట్టియుండరు. అది రాజధర్మమని మెచ్చుకొనేవారు కూడ ఉండేవారు.

రెండవది, అక్కడ చూచేవారెవరు? ద్రౌపది లేదు, ఋషులు లేరు, లోకము లేదు. మాటలాడే యక్షుడు ఎవరో ధర్మరాజునకు అప్పటికి తెలియదు. పేరు కొరకు చేసినాడనుటకు తావు లేదు.

మూడవది, కృతజ్ఞత చెప్పేవారెవరు? మాద్రి పాండురాజుతో సహగమనము చేసి ఎన్నో ఏండ్లయినది. చనిపోతూ తన కవలలను కుంతికి అప్పగించిపోయినది. బ్రతికియున్న కన్నతల్లి కుంతి హస్తినాపురములో బిడ్డల కొరకు ఎదురు చూస్తున్నది. అడుగుటకు రాలేని సవతితల్లి పక్షమున ధర్మరాజు నిలిచినాడు. శకుని వేసిన ప్రశ్నకు సమాధానము ఆనాటి నిండు సభలో దొరకలేదు. ఎవరూ లేని సరస్సు ఒడ్డున దొరికినది.

యక్షుడు యమధర్మరాజుగా ప్రత్యక్షమై నలుగురినీ బ్రతికించినాడు. అయితే నలుగురూ బ్రతుకుతారని తెలిసి ధర్మరాజు కోరలేదు. ముగ్గురిని శాశ్వతముగా పోగొట్టుకొన్నాననుకొనియే కోరినాడు.

కర్ణుని మాట

ఇదే కథలో తల్లుల లెక్క వేసినవాడు మరియొకడున్నాడు, అతడు కర్ణుడు. నిండు సభలో దుర్యోధనుని గెలుపు నడుమ నిలబడినప్పుడు కర్ణుని నోట వచ్చినవి ద్రౌపదిని అవమానించే మాటలు. సుఖములో అతని తక్కువతనము బయటపడినది. ఉద్యోగపర్వములో రాయబారము విఫలమైన తరువాత శ్రీకృష్ణుడు అతనిని రథముపై తీసికొనిపోయి జన్మరహస్యము చెప్పి, పాండవుల అగ్రజుడుగా రాజ్యమును ఏలుమన్నాడు. పెంచిన రాధను, అధిరథుని కాదనలేనని, నమ్మిన దుర్యోధనుని విడువలేనని కర్ణుడు చెప్పినాడు. అతని మెప్పు కొరకు పాండవులను పలికిన పరుషవాక్యములకు పశ్చాత్తాపపడుతున్నానని కూడ అన్నాడు. తరువాత గంగాతీరమునకు వచ్చిన కుంతికి, అర్జునుని తప్ప తక్కిన నలుగురిని చంపనని మాట ఇచ్చి, నీకు ఐదుగురు కుమారులు మిగులుతారని చెప్పినాడు. ఆ మాటను యుద్ధములో నిలబెట్టుకొన్నాడు.

కర్ణుడు ఎంచుకొన్న పక్షము అధర్మపక్షమే. అయినా రాజ్యము చేతికందినప్పుడు వద్దన్నవానిని మనము చిన్నచూపు చూడలేము. ఒకే మనిషిలోని తక్కువను సభ చూపినది, ఎక్కువను గంగాతీరము చూపినది. కవి రెండింటినీ దాచలేదు.

ధర్మరాజు విషయములోనూ వ్యాసుడు దాచలేదు. ద్రోణపర్వములో అశ్వత్థామ మరణమును గురించి గురువునకు కపటవాక్యము చెప్పినప్పుడు, అంతవరకు నేలకు నాలుగంగుళముల ఎత్తున సాగిన అతని రథము నేలకు దిగినది. గొప్పవాని తప్పునూ కష్టమే పట్టి ఇచ్చినది.

మూడు పరీక్షలు, ఒకే జవాబు

యమధర్మరాజు తన కుమారుని మూడుమార్లు పరీక్షించినట్లు భారతము చెబుతున్నది. మొదటిది సరస్సు వద్ద జరిగినది. రెండవది మహాప్రస్థానములో జరిగినది. ద్రౌపదియు, తమ్ములు నలుగురును దారిలో పడిపోగా వెంట వచ్చిన కుక్క ఒక్కటే మిగిలినది. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కను విడిచి ఎక్కుమన్నాడు. తమ్ములను విడిచిన నీకు కుక్క ఎంత అని వాదించినాడు. మరణించినవారిని బ్రతికించలేక విడిచినాను గాని బ్రతికియుండగా విడువలేదని, ఆశ్రయించినదానిని విడిచి స్వర్గమునకు రానని ధర్మరాజు చెప్పినాడు. అప్పుడు ధర్మదేవత ప్రత్యక్షమై, వెనుక ద్వైతవనములో నకులుని కోరిన సంగతిని గుర్తు చేసి మెచ్చుకొన్నాడు. సరస్సు ఒడ్డున ఎవరూ చూడలేదనుకొన్న పనిని చూచినవాడొకడున్నాడు.

మూడవది స్వర్గారోహణపర్వములో వస్తుంది. ద్రోణుని విషయమున పలికిన కపటమునకు ఫలముగా ధర్మరాజునకు నరకదర్శనము కలిగినది. ఆ చీకటిలో తమ్ముల గొంతులు, ద్రౌపది గొంతు వినబడినవి. తన రాకతో వారికి కొంత ఊరట కలుగుతున్నదని తెలిసి, నేను ఇక్కడనే ఉంటానని దేవదూతను తిప్పి పంపివేసినాడు.

మూడుచోట్లా ప్రశ్న వేరు, జవాబు ఒక్కటే. దిక్కులేనివానిని విడువలేకపోవుటయే ధర్మరాజు. ఆ పేరులోని ధర్మమునకు అర్థము ఇదియేనని కవి చెప్పక చూపించినాడు.

మనము గ్రహించవలసినది

కథను వినేటప్పుడు ఆ మనిషి ఏమి వదలుకొన్నాడు, చూచేవారు లేనిచో అదే పని చేసియుండునా, మేలు పొందినవారు కృతజ్ఞత చెప్పగల స్థితిలో ఉన్నారా అన్న మూడు ప్రశ్నలను దగ్గర ఉంచుకొనవలెను. ఈ ప్రశ్నలు సీతమ్మకూ పనికివస్తాయి, విభీషణునికీ పనికివస్తాయి. కేవలము కల్పిత కథలలోని పాత్రలకూ పనికివస్తాయి. కవి ఒకనిని మంచివాడని పది మాటలు చెప్పినా మనకు నమ్మకము కలుగదు. ఒక్క ధర్మసంకటములో నిలబెట్టి చూపితే ఎన్నటికీ మరచిపోము.

ఈ ప్రశ్నలు మన ఇండ్లకు కూడ వస్తాయి. యక్షుడు సరస్సులలోనే ఉండడు. అన్నదమ్ములు ఆస్తి పంచుకొనే దినమున వస్తాడు. తల్లి లేని పిల్లవాని వాటా మాటకు వచ్చినప్పుడు, తండ్రి రెండవ పెండ్లి బిడ్డలు గుమ్మములో నిలబడినప్పుడు, సంపాదన లేని తమ్ముని గురించి, మాట తడబడే ముసలితల్లి మందుల గురించి నిర్ణయించవలసినప్పుడు వస్తాడు. అప్పుడు మన ముందు రెండు దారులుంటాయి. రెండింటికీ చట్టమో, లోకమో, అవసరమో ఏదో ఒక సమర్థన ఉంటుంది. వారి పక్షమున మాటలాడవలసినవారు చాలసార్లు బ్రతికియుండరు. ఆ లేనివారి తరపున మనము ఏమి కోరుకొంటామన్నదే మన భక్తికి కొలత. నిత్యము చేసే పారాయణ ఫలము ఆ ఒక్క క్షణములో కనబడవలెను.

కష్టములు కోరి తెచ్చుకొనవలసినవి కావు. అవి వచ్చిననాడు నకులుని కోరగల బుద్ధిని, ఆశ్రయించినవారిని విడువని మనస్సును భగవంతుడు మనకందరికి అనుగ్రహించుగాక!

స్వస్తి.