మిద్దెనెక్కిన సౌరఫలకము

చిత్తూరు సీమలో మిద్దె ఇంటికి రెండవ వాకిలి వంటిది. వేరుసెనగకాయలు ఆరబోయుట, చింతపండు ఎండబెట్టుట, వడియములు పెట్టుట, వేసవి రాత్రులలో ఇంటిల్లిపాదియు పక్కలు పరచుకొని చుక్కలు చూచుచు నిద్రించుట, ఇవన్నియు తరతరములుగా అక్కడ జరుగుచున్నవే. ఇప్పుడు ఆ మిద్దెల మీదికి నల్లని అద్దపుపలకలు చేరి, దక్షిణదిక్కునకు ఒకింత వాలి, పగలెల్ల సూర్యుని చూచుచు కూర్చున్నవి. శాస్త్రజ్ఞులు సౌరఫలకమనియు, జనులు సోలారు ప్లేటనియు పిలుచు ఈ యంత్రమునకు కదలు చక్రము లేదు, కాలు ఇంధనము లేదు, చప్పుడంతకంటె లేదు. అయినను దీని చరిత్ర రమారమి రెండువందల యేండ్లది.

1839లో ఎడ్మండ్ బెకెరెల్ అను పందొమ్మిదేండ్ల ఫ్రెంచి యువకుడు ఆమ్లద్రావణములో లోహపు రేకులను ముంచి, వానిపై వెలుతురు పడినప్పుడు విద్యుత్తు పుట్టుటను కనిపెట్టెను. 1883లో అమెరికాలో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియముపై పలుచని బంగారు పూత పూసి తొలి ఫలకమును నిర్మించెను గాని, అది తనపై పడిన వెలుగులో నూటికొక పాలును మాత్రమే విద్యుత్తుగా మార్చగలిగినది. కాంతి పదార్థమునుండి ఎలక్ట్రానులను వెడలగొట్టు తీరును 1905లో ఐన్‌స్టీన్ వివరించెను. కారణము తెలిసినను, పనికివచ్చు పరికరము పుట్టుటకు మరి యేబదియేండ్లు పట్టెను.

ఆ పుట్టుకకు మూలము ఒక టెలిఫోను ఇబ్బంది. ఉక్కపోతగల ఉష్ణప్రదేశములలో టెలిఫోను తీగలకు శక్తినిచ్చు బ్యాటరీలు త్వరగా చెడిపోవుచుండుటచే, వానికి మారు వెదకుమని బెల్ ప్రయోగశాలవారు డారిల్ చాపిన్‌ను నియోగించిరి. అదే సంస్థలో సిలికానుపై కృషిచేయుచున్న కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ అతనికి తోడైరి. సిలికాను పలుచని బిళ్లలో ఒకవైపు ఎలక్ట్రానులను అధికముగా నిచ్చు కల్తీని, వేరొకవైపు వానికి కొరత కలిగించు కల్తీని చేర్చినచో, ఆ రెండు పొరలు కలియు చోట ఒకవైపునకే తెరచుకొను తలుపువంటి విద్యుత్ క్షేత్రమేర్పడును. కాంతి తాకిడికి విడివడిన ఎలక్ట్రానులు ఆ తలుపు దాటి, వెనుకకు మరలలేక, తీగవెంట చుట్టు తిరిగి వచ్చును. ఆ ప్రవాహమే విద్యుత్తు. 1954 ఏప్రిల్ 25న ఈ మువ్వురి బిళ్ల లోకమునకు ప్రదర్శింపబడినది. దాని సామర్థ్యము నూటికి ఆరుపాళ్లు. కాని ఒక సామాన్య గృహమునకు చాలినన్ని బిళ్లలు కూర్చుటకు పదునాలుగు లక్షల డాలర్లకు పైగా కావలయునని చాపిన్ స్వయముగా లెక్కకట్టవలసివచ్చెను.

ఇంటికప్పు అందనిదగుటచే ఈ యంత్రము ముందుగా ఆకాశమునకు పోయెను. 1958లో ఎగిరిన వాన్‌గార్డ్ అను అమెరికా ఉపగ్రహములో బ్యాటరీలు కొద్దివారములకే నీరసించిపోగా, సౌరఫలకములపై నాధారపడిన రేడియో మాత్రము 1964 వరకు పలికెను. మన ఆర్యభటయు 1975లో ఫలకములను ధరించియే అంతరిక్షమును చేరినది. 1980 జూలై 18న శ్రీహరికోటనుండి మన రాకెట్టు మోసికొనిపోయిన రోహిణికిని సూర్యుడే శక్తినిచ్చెను. ఆ శ్రీహరికోట నేడు తిరుపతి జిల్లాలోనిదే. కావున ఈ సీమ ఫలకమును మొదట నింగికి పంపి, ఆ పిమ్మట మిద్దెమీదికి దించుకొన్నదనుట అతిశయోక్తి కాదు. తిరుమలలో 2002లో నెలకొల్పిన 106 అద్దపు పళ్లెములు ఈ వంశమునకు చెందినవి కావు. అవి ఎండను ఒకచోటికి కూర్చి, నీటిని ఆవిరిచేసి, భక్తులకు అన్నము వండినవి. అచట పనిచేసినది వేడిమి, ఇచట పనిచేయునది వెలుగు.

ఈ భేదము మిద్దెమీద ప్లేట్లు బిగించువారు మరువరానిది. సౌరఫలకమునకు వెలుగు కావలెను, వేడి వలదు. ఇరువదియైదు డిగ్రీల యొద్ద దానికి కట్టిన సామర్థ్యములో, అంతకు మించిన ప్రతి డిగ్రీకిని నూటికి సుమారు మూడోవంతు పాలు తరిగిపోవును. తిరుపతి మేనెల మధ్యాహ్నమున బిళ్లలు అరువదిడిగ్రీలు దాటినప్పుడు పదవవంతుకు పైగా నష్టమే. అందుచేత పలకలను మిద్దెకు అంటించక, క్రింద గాలియాడునట్లు ఇనుపకాళ్లపై నిలుపుదురు. కాళ్లను పొడవు చేసి పందిరివలె లేపినచో క్రింది తావు నిద్రకు మిగులును గాని, గాలివానకు తట్టుకొనుటకు పునాది గట్టిగా నుండవలయును. అక్షాంశము పదమూడు డిగ్రీలకు మించిన ఈ ప్రాంతమున ఇంచుమించు అంతే వాలు చాలును. ఒక కిలోవాటుకు నూరు చదరపుటడుగుల నీడలేని చోటు కావలెను. అది దినమునకు సగటున నాలుగు యూనిట్లనిచ్చును. వాడుకొనగా మిగిలినది నెట్ మీటరుగుండా, తిరుపతియే కేంద్రముగాగల విద్యుత్ పంపిణీ సంస్థ తీగలలోనికి పోయి బిల్లులో జమయగును. కరెంటు పోయినప్పుడు మాత్రము, మంచి యెండలోనైనను, బ్యాటరీ లేని ఏర్పాటు ఆగిపోవును. ఇది లోపము కాదు. స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణమును కాపాడుటకై చేసిన కట్టడి.

2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము కోటి యిండ్లకు ఉద్దేశించి సూర్యఘర్ పథకమును ప్రారంభించి, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సాయము ప్రకటించినది. 2025 జనవరిలో కుప్పము చెంతనున్న నడిమూరులో ఇంటింటి కప్పుమీదను ఫలకములనుంచు పని మొదలైనది. పల్లెలో ఎవరి మిద్దె వారిది, ఎవరి యెండ వారిది. పట్టణపు అపార్టుమెంటులో చిక్కంతయు ఇచ్చటనే పుట్టును.

ఇరువది కాపురములుండు మేడపైన నాలుగువేల చదరపుటడుగుల కప్పున్నదనుకొందము. నీళ్లతొట్లును, లిఫ్టుగదియు, వాని నీడలును సగమును మ్రింగగా, మిగిలినచోట పట్టునవి ఇరువది కిలోవాట్లు; ఇంటికొకటి చొప్పున పంచిన ఎవరికిని చాలవు. పై అంతస్తువారికి కప్పు తమదేయన్న భ్రమ, క్రింది అంతస్తువారికి తమకేమి లాభమన్న సంశయము. మన రాష్ట్రపు 1987 నాటి అపార్టుమెంట్ల చట్టము ఉమ్మడి స్థలములను అందరివిగా గుర్తించినది. ఆ ఉమ్మడి విద్యుత్తును లిఫ్టునకు, మోటారుకు, మెట్లదీపములకు వినియోగించినచో పంపకపు తగవే ఉండదు. దినమునకు ఎనుబది యూనిట్లు ఉమ్మడిమీటరు ఖాతాలో చేరి, ప్రతి ఇంటి నెలసరి చందాయు తగ్గును. ఇట్టి నివాస సంఘములకు కిలోవాటుకు 18,000 రూపాయల సాయమును పథకములోనే కలదు.

ఫలకములోని బిళ్లలన్నియు వరుసగా కలిపినవగుటచే, ఒక్కదానిపై తొట్టినీడ పడినను వరుసయంతయు నీరసించును. దానికి విరుగుడుగా, నీడపడిన భాగమును తప్పించి ప్రవాహమును ప్రక్కదారిని పంపు డయోడును శాస్త్రజ్ఞులు అమర్చిరి. ఒక్కరి అనంగీకారముచే నిలిచిపోవు మేడలకు అట్టి డయోడును ఏ కర్మాగారమును చేయజాలదు. పొరుగువారి యొద్ద కూర్చుండి లెక్క చెప్పుటయే దానికి ప్రక్కదారి.

చదువరులారా, మీ నివాస సంఘపు రాబోవు సమావేశమున రంగుల ఖర్చు, కాపలావాని జీతము, నీళ్లట్యాంకరు బాకీ తేలిన పిదప, అందరును కలిసి ఒకమారు మిద్దెనెక్కుడు. ఉదయము తొమ్మిది గంటలకును, మధ్యాహ్నము మూడు గంటలకును నీడ ఎందాక సాగినదో సుద్దతో గీయుడు. నీడలు పొడవగు డిసెంబరులో గీయుట మేలు. గీతలకు వెలుపల మిగిలిన తావును కొలిచి, నూరు చదరపుటడుగులకు నాలుగు యూనిట్ల చొప్పున అక్కడనే లెక్కకట్టుడు.