కట్టు, చుట్టు, కప్పు, తొడుగు



మొన్న మా గ్రామమున నొక పెండ్లి జరిగినది. ముహూర్తము సమీపించినది. పురోహితుడు వరుని పీటలమీదికి పిలిచినాడు. వరుడు మాత్రము గదిలోనుండి వెలుపలికి రాలేదు. ఏమని విచారింపగా, అతనికొరకు నగరమునుండి తెచ్చిన పంచెకు నడుమునొద్ద కుట్టియున్న అతుకుపట్టీ ఊడిపోయినదట. కుచ్చెళ్ళు ముందుగనే కుట్టి, లాగువలె తొడుగుకొనుటకు సిద్ధపరచిన పంచె యది. పట్టీ ఊడిన వెంటనే అది పంచెయు కాదు, లాగును కాదు. వరుని తండ్రికి పంచె కట్టుట రాదు. మేనమామకు రాదు. తుదకు ఎనుబదియేండ్ల తాత కర్ర యూతగొని లోనికి పోయి, మరియొక పంచె తెప్పించి, మనుమనికి కట్టి, చేయి పట్టి తీసికొని వచ్చినాడు. అందరును నవ్విరి. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఈ తాత తరువాత ఆ యింట ఆ పని యెవరు చేయుదురని ఆలోచనలో పడితిని.

ఆ యాలోచనయే నేటి ప్రసంగమునకు కారణము. మనవారి దుస్తుల రీతు లెన్ని, ఏ రీతిని ఎట్లు ధరింపవలెను, ఎక్కడ ధరింపవలెను అను విషయమును నాకు తెలిసినంతవరకు మనవి చేసెదను.

ఈ విషయమున మన తెనుగుభాషయే మనకు మొదటి గురువు. మనము పంచెను కట్టుకొందుము; పాగాను చుట్టుకొందుము; ఉత్తరీయమును కప్పుకొందుము; చొక్కాను తొడుగుకొందుము. చొక్కా కట్టుకొంటిననియో, పాగా తొడుగుకొంటిననియో ఎవడైన అనినచో పసిబాలుడు కూడ నవ్వును. ఈ నాలుగు క్రియలలో మన వస్త్రధారణ యంతయు ఇమిడియున్నది. మొదటి మూడును కత్తెర తగులని గుడ్డకు సంబంధించినవి. అందు ఆకారము గుడ్డలో లేదు, కట్టువాని చేతిలో నున్నది. నాలుగవదానియందు ఆకారమును దర్జీ తన సూదితో ముందే నిర్ణయించును. ఈ భేదమును గ్రహించినవానికి తక్కిన విషయము సులభము.

అమరకోశము చదివినవారు అంతరీయము, ఉత్తరీయము, ఉష్ణీషము అను పదముల నెరుగుదురు. నడుమునకు కట్టునది మొదటిది. మేనిపై వేయునది రెండవది. తలకు చుట్టునది మూడవది. అమరావతి స్తూపశిల్పములందలి పురుషులను పరికించినచో ఈ మూడును కనబడును. అంతమాత్రమున కుట్టుబట్టను మనవా రెరుగరని యనరాదు. కంచుక మను మాటయు పాతదియే. అయినను కుట్టుబట్టతోపాటు వచ్చిన మాటలను చూడుడు: పైజామా పారసీకము, జేబు అరబ్బీ, బొత్తాము పోర్చుగీసువారి మాట. వచ్చిన ప్రతివానియొద్దను మనవారు మంచిది గ్రహించి, దానికి తెనుగు ప్రత్యయము చేర్చి, తమదిగా చేసికొనిరి. ఇందు సిగ్గుపడవలసిన దేమియు లేదు.

ఇక కట్టు సంగతి. సామాన్యముగా మూడు రీతులు గలవు.

మొదటిది అడ్డకట్టు. నాలుగు మూరల పంచె దీనికి చాలును. నడుముచుట్టు త్రిప్పి, పైయంచును బిగించి ప్రక్కకు దోపవలెను. ఇంటియందును, విశ్రాంతివేళలందును, స్నానమునకు పోవునపుడును ఇది తగును. నడచునపుడు సగమునకు మడిచి కట్టవచ్చును. పెద్దలెదుట ఆ మడతను దింపుట మర్యాద.

రెండవది గోచి పోసి కట్టు కట్టు. దీనికి ఎనిమిది మూరలు కావలెను. పంచె నడిమిభాగమును వీపువైపు నుంచి, రెండు కొసలను ముందునకు తెచ్చి, బొడ్డునొద్ద గట్టిగా బిగించి ముడివేయవలెను. ఈ ముడియే పునాది. ఇది వదులైనచో పైన చేయు పని యంతయు వ్యర్థము. పిదప ఎడమవైపు గుడ్డను సన్నముగా మడిచి, కాళ్ళ నడుమనుండి వెనుకకు తీసి, వెన్నెముక నొద్ద దోపవలెను. కుడివైపు గుడ్డను సమానమైన కుచ్చెళ్ళుగా పెట్టి ముందు దోపవలెను. కుచ్చెళ్ళు చీలమండవరకు దిగవలెను, నేలపై జీరాడరాదు. అంచు నిలువుగా నిలిచినచో కట్టు కుదిరినదని యర్థము. సభకు పోవువానికిని, చుట్టముల యింటికి పోవువానికిని ఈ కట్టు తగినది. దీనినే మోకాలిపైకి ఎగగట్టినచో నాగలి పట్టుటకును, నీరు కట్టుటకును పనికివచ్చును.

మూడవది పంచకచ్చము. దీనికి తొమ్మిది లేక పది మూరలు కావలెను. బొడ్డునొద్దను, ఇరుప్రక్కలను, వెనుకను కలిపి ఐదు తావులందు దోపుటచేత దీనికి ఈ పేరు కలిగినది. యజ్ఞములందును, వివాహాది శుభకార్యములందును దీనిని ధరింతురు. ఏ కొస ముందు, ఏ కొస వెనుక అను విషయమున ఇంటింటికిని కొంచెము భేదము కలదు. మీ యింటి పద్ధతియే మీకు ప్రమాణము.

చుట్టు అనగా తలపాగా. ఒక కొసను చెవివెనుక నదిమి, గుడ్డను కొంచెము మెలిత్రిప్పుచు, నొసటిమీద ఒక చుట్టు ఎగువగను ఒక చుట్టు దిగువగను వచ్చునట్లు త్రిప్పి, తుదికొసను లోనికి దోపవలెను. ఎండలో ఇది గొడుగు; బరువెత్తునపుడు ఇది కుదురు; బావియొద్ద ఒక్కొక్కప్పుడు ఇదియే త్రాడు. ఇన్ని పనులు చేయు టోపీని నేనింకను చూడలేదు.

కప్పు అనగా ఉత్తరీయము లేక కండువా. సభలందు మడిచి ఎడమభుజముపై వేసికొనుట పరిపాటి. దేవాలయమున కొందరు నడుమునకు బిగింతురు. నేడు కండువా కప్పుకొనుట యనగా రాజకీయపక్షమున చేరుట యను క్రొత్త అర్థము కూడ పుట్టినది. రంగు మారిన కండువాతో మనిషియు మారినట్లే లోక మెంచుచున్నది. గుడ్డ కెంతటి వాక్కు గలదో దీనివలననే తెలియవచ్చును.

ఇక తొడుగు. హైదరాబాదు సంస్థానమున హిందువులును, ముసల్మానులును కచేరీలకు షేర్వాణి తొడిగి పోవుచుండిరి. షేర్వాణికి మెడబొత్తాము పెట్టుకొనుటయు, మోకాలివరకు నిడివి యుండుటయు అందము. దానిక్రింద బిగుతైన పైజామా నప్పును. ఆ రోజులలో దానితో రూమీటోపీ ధరించువారు. ఆ టోపీని 1925లో తుర్కీదేశమున చట్టముచేత నిషేధించినను, హైదరాబాదువారు పిమ్మటను చాలకాలము విడువలేదు. లాల్చీ యన్ననో పంచెకును, పైజామాకును సమానముగ నప్పును. చొక్కాకు భుజపుకుట్టు సరిగా భుజపుటెముకపై నిలువవలెను; చేతులు మణికట్టునొద్ద ఆగవలెను. ఈ రెండును సరియైనచో వెల తక్కువ చొక్కాయు ఒప్పును. ఇవి తప్పినచో పట్టుచొక్కాయు ఎరవు తెచ్చుకొన్నట్లుండును.

ఇచ్చట మన పెద్దలకు కోపము తెప్పించు విషయ మొకటి కలదు. అది మనుమలు తొడుగుకొను జీన్సు. "మోకాళ్ళవద్ద చినిగిన ఆ లాగు లేమి? కూలివాడైనను కుట్టించుకొని కట్టుకొనునే!" అని మనము విసుగుకొందుము. అయితే దాని చరిత్రను వినుడు. అది నిజముగ కూలివాని వస్త్రమే. అమెరికాలో గనులయందును, పొలములయందును పనిచేయువారి జేబులు బరువునకు చినుగుచుండగా, జేకబ్ డేవిస్ అను దర్జీ జేబుమూలలకు రాగిమేకులు బిగించు ఉపాయము కనిపెట్టెను. లీవై స్ట్రాస్ అను వర్తకునితో కలసి 1873లో దానికి హక్కుపత్రము పొందెను. మన రైతునకు ఎగగట్టిన పంచె యెట్టిదో అచ్చటి కూలివానికి ఆ లాగు అట్టిది. శ్రమనుండి పుట్టిన వస్త్రమును శ్రమజీవులమగు మనము హీనముగా చూడరాదు. చినుగుల సంగతి వేరు; అది యౌవనపు చాపల్యము, కొలది దినములలో పోవును.

మరియు మోటారుసైకి లెక్కువానికిని, యంత్రములయొద్ద పనిచేయువానికిని వ్రేలాడు గుడ్డ ప్రమాదకరము. చక్రమున చిక్కిన కొంగువలన ప్రాణములు పోయిన వార్తలను మనము వినుచునే యున్నాము. అట్టిచోట కుట్టుబట్టయే ధర్మము. ఏ యెండ కా గొడుగు పట్టుమని మన పెద్దలే చెప్పిరి గదా!

దుస్తులనుబట్టి మనిషిని తూచుట యెంత తప్పో నా యనుభవమున నొకటి చెప్పెదను. నేను బడిపంతులుగా నున్న తొలిదినములలో, 1980 తరువాతి సంగతి, ఒక శ్రావణమాసమున ఏడవ తరగతి బాలు డొకడు అడ్డపంచెతో బడికి వచ్చినాడు. "ఇది బడి యనుకొంటివా, పశువులకొట్ట మనుకొంటివా?" అని అందరియెదుట గద్దించితిని. వాడు మారుపలుకక వెడలిపోయినాడు. మూడుదినములు రాలేదు. నాలుగవనాడు వాని యింటికి పోయితిని. అది నేతగాని యిల్లు. గుంటమగ్గముమీద సగము నేసిన పంచె, దండెముమీద తడిలాగు. తండ్రి చేతులు జోడించి, "అయ్యగారూ, వాడికి లాగు ఒక్కటేనండి. ఈ ముసురుకి ఆరలేదండి. నేతలో తప్పు పడిందని షావుకారు తీసుకోని పంచె ఉంటే అదే కట్టి పంపించానండి" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆ బాలుడు ఆ పంచెను అంచు వంకరలేక ఎంత ముచ్చటగా కట్టుకొని వచ్చెనో అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ఆ దినమున నా కన్ను దానిని చూడలేదు. మరునాడు వానిని బడికి పిలిపించి, తరగతియెదుట నా తప్పు నొప్పుకొంటిని. కొల్లాయి గట్టుకొని 1931లో ఆంగ్లేయచక్రవర్తి భవనమునకు పోయిన గాంధీమహాత్ముని కథను పిల్లలకు పాఠము చెప్పువాడను నేనే!

అట్లయిన ఏ బట్ట యైన నొకటియే గదా, పంచె పోయిన నేమి నష్టమని మీ రడుగవచ్చును. నష్టము కలదు. కుట్టుబట్ట విద్య దర్జీయొద్ద నుండును. ఒకడు మరచినను మరియొకడు కుట్టును. కట్టుబట్ట విద్య ఇంటింట చేతినుండి చేతికి రావలసినదే. ఒక తరము చేయి చాపనిచో అది తెగిపోవును. స్త్రీలను చూడుడు. చీర కట్టు విధమును చెప్పు అధికారము నాకు లేదు; ఇంటి యాడువారే అందుకు గురువులు. ఆడపిల్ల చదువునకై దూరదేశమునకు పోయినను, తల్లి ఒక్కనాడైన అద్దముముందు నిలిపి కుచ్చెళ్ళు పెట్టుట నేర్పి పంపును. అందుచేతనే నూలునకు ముందుగ కట్లు కట్టి రంగులద్ది నేయు పోచంపల్లి చీరయు, నూలుమేనికి పట్టుటంచు చేర్చు గద్వాలు చీరయు, సన్ననూలు వెంకటగిరి చీరయు నేటికిని మగ్గము దిగుచున్నవి. మనము మన కొడుకులకు నేర్పలేదు. పంచె పోయినదని వగచుచు, పోగొట్టినవారము మనమే యని మరచుచున్నాము. కట్టువాడు లేనిదే నేయువానికి కూడు లేదు. శ్రీకాకుళముజిల్లా పొందూరున వాలుగచేప దవడతో దూదిని శుభ్రపరచి, సన్ననూలు వడికి నేయు ఖద్దరుపంచెను, కట్టుట తెలియనివాడు కొని యేమి చేయును?

కావున పెద్దలారా, నా మనవి చిన్నది. రాబోవు పండుగకు మనుమడు ఇంటికి వచ్చినపుడు వాని జీన్సును గూర్చి ఒక్కమాటయు అనకుడు. ఎనిమిది మూరల నూలుపంచె నొకదానిని కొనియుంచుడు. పట్టు జారును, తొలినాడు వలదు; కొంచెము గంజి పెట్టిన నూలు మాట వినును. వాని కెదురుగా నిలువకుడు, కుడియెడమలు తారుమారగును. వెనుక నిలిచి, మీ చేతులను వాని చేతులపై నుంచి నేర్పుడు. మొలత్రాడో, నడికట్టో ఉన్నచో జారునను భయముండదు. అందు చిన్నతనము లేదు. మూడుమారులు మీరు కట్టి విప్పుడు; నాలుగవమారు వానినే కట్టుకొననిండు. పిదప కూర్చుండి లేవుమనుడు, నాలుగు మెట్లెక్కుమనుడు. ముడి నిలిచినచో విద్య వచ్చినట్లే. దీనికి పట్టు కాలము అరగంట.

ఆ పెండ్లియింటి తాతను మరునాడు కలిసికొంటిని. వరుడు తిరుగుప్రయాణమునకు ముందు తాతయొద్దకు వచ్చి, "తాతా, ఇంకొకసారి కట్టి చూపించవా" అని యడిగెనట. ఆ మాట చెప్పునప్పుడు వృద్ధుని ముఖమున కలిగిన సంతోషమును నేను వర్ణింపజాలను. అట్టి సంతోషము మీ యిండ్లకును కలుగుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.