పక్షవాతము: ముందు వచ్చు సూచనలు

ఉదయము కాఫీ త్రాగుచున్న పెద్దమనిషి చేతిలోని గ్లాసు హఠాత్తుగా జారిపడును. ఎత్తబోయిన కుడిచేయి స్వాధీనములో ఉండదు. మాట ముద్దముద్దగా వచ్చును. పది నిమిషములలో అంతయు సర్దుకొనును. 'వేడి చేసినది' అని ఇంటివారు మజ్జిగ ఇచ్చి ఊరకుందురు. నిజమునకు ఆయనకు వచ్చినది పక్షవాతమే. అయితే అది వచ్చి, తాత్కాలికముగా వెళ్లినది. పూర్తి పక్షవాతము రాదగిన ప్రమాదము ఆ తరువాతి రెండు దినములలోనే అత్యధికము.

దీనికి కారణమేమి? మెదడు బరువు శరీరపు బరువులో నూటికి రెండు వంతులే. కాని శరీరము వాడు ప్రాణవాయువులో సుమారు ఐదవవంతు దానికే కావలెను. పైగా మెదడులో నిలువ ఏమియు లేదు. రక్తనాళములో గడ్డ అడ్డుపడినను, నాళము చిట్లినను అక్కడి కణములు చావసాగును. పెద్ద నాళము మూసుకొన్నచో నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని 2006లో లెక్కకట్టిరి. మన పెద్దమనిషి విషయములో గడ్డ తనంత తానే కరిగినది. రెండవసారి కరుగునన్న నమ్మకమేమి?

ఇంటిలో ఎవరైనను చేయగల పరీక్ష ఒకటి గలదు. నవ్వుమనవలెను, మూతి ఒకవైపు జారునేమో చూడవలెను. రెండు చేతులును ముందుకు చాపి కొంతసేపు నిలుపుమనవలెను. ఒకటి క్రిందికి దిగునేమో గమనింపవలెను. ఒక చిన్న వాక్యము చెప్పించవలెను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా తప్పినను అనుమానింపవలసినదే. అకస్మాత్తుగా చూపు పోవుట, తూలిపడుట, ఎన్నడును ఎరుగని తీవ్రమైన తలనొప్పి కూడ ఇట్టివే.

అప్పుడు మొదట గడియారము చూడుడు. గడ్డను కరిగించు ఇంజక్షను లక్షణములు మొదలైన నాలుగున్నర గంటలలోపుననే ఇయ్యవలెను. నిద్రలో వచ్చినచో, మనిషి బాగుండగా చివర చూచిన వేళనుండి లెక్కింపవలెను. 108కు ఫోను చేసి, తలకు స్కానింగు తీయగల ఆసుపత్రికే పోవలెను. అడ్డుపడినదా, చిట్లినదా అన్నది స్కానింగులోనే తేలును. చిట్లినచోట ఆ ఇంజక్షను ప్రాణాంతకము. కనుక ఇంటిలో ఆస్పిరిను మింగించరాదు. నీళ్లు కూడ పోయరాదు, మ్రింగుడు పడక ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. పావురపు నెత్తురు పూసి మర్దనచేయుట కొన్నిచోట్ల నేటికిని గలదు. నెత్తురు అందనిది మెదడుకు. చేయి తోమిన ఏమి లాభము?

పక్షవాతమునకు ప్రధాన కారణము రక్తపుపోటు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టునకు 1944 మార్చిలో పోటు 186/108 ఉన్నట్లు వైద్యులు కనుగొనిరి. నాడు దానిని అదుపుచేయు మంచి మందు లేదు. 1945 ఏప్రిల్ 12న తల వెనుక తీవ్రమైన నొప్పి అని కూలిపోయెను. అప్పటి పోటు 300/190. మెదడులో రక్తస్రావమై ఆనాడే మరణించెను. అంతటివానికి దొరకని మాత్రలు నేడు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా ఇచ్చుచున్నారు. చిక్కేమనగా, పోటు సాధారణముగా నొప్పి పుట్టించదు. నొప్పి లేదని చాలమంది మాత్రలు మానివేయుదురు.

ఉప్పు దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చెంచాకు మించరాదు. ఆవకాయ, అప్పడములు ఈ లెక్కలోనివే. చుట్ట, సిగరెట్టు మానవలెను. మధుమేహమును అదుపులో ఉంచవలెను. మణికట్టువద్ద నాడి లయతప్పి కొట్టుకొనుచున్నచో గుండెలో గడ్డలేర్పడి మెదడుకు ఎగయవచ్చును. అట్టివారు ఇ.సి.జి. తీయించుకొని, అవసరమైనచో నెత్తురు గడ్డకట్టనీయని మందు వైద్యుని సలహాపై వాడవలెను.