పేరు నిలబెట్టడమంటే

మనవాళ్లు పోయినప్పుడు వారి పేరు నిలబెట్టాలన్న తపన అందరికీ ఉంటుంది. సంవత్సరీకం నాడు అన్నదానం చేస్తాం. గుడికి ఫ్యాను ఇచ్చి రెక్క మీద పేరు రాయిస్తాం. బాగా చదివే పిల్లలకు బహుమతి ఏర్పాటు చేస్తాం. ఇవన్నీ మంచి పనులే. అయితే కూతురిని పోగొట్టుకున్న ఒక అమెరికా దంపతులు చేసిన పని తెలిసినప్పటి నుంచి, ఈ విషయం నన్ను ఆలోచింపజేస్తూనే ఉంది.

ఆ అమ్మాయి పేరు ఎమీ బీల్. స్టాన్‌ఫర్డ్‌లో చదివి, ఫుల్‌బ్రైట్ ఉపకారవేతనంతో దక్షిణాఫ్రికా వెళ్లింది. వర్ణవివక్ష పాలన ముగింపుకు వచ్చి, నల్లవారికి ఓటుహక్కు రాబోతున్న రోజులవి. ఎమీ వారి పక్షాన నిలిచిన మనిషి. 1993 ఆగస్టు 25న స్నేహితులను ఇళ్ల దగ్గర దింపడానికి కేప్‌టౌన్ శివారులోని గుగులెతు అనే నల్లవారి పేటకు కారులో వెళ్లింది. ఆవేశంతో ఊగిపోతున్న కుర్రవాళ్ల గుంపుకు ఆమె తెల్లరంగు ఒక్కటే కనిపించింది. రాళ్లతో కొట్టి, కత్తితో పొడిచారు. అప్పటికి ఆమె వయస్సు 26 ఏళ్లు.

నలుగురికి 18 ఏళ్ల జైలుశిక్ష పడింది. తరువాత డెస్మండ్ టూటూ అధ్యక్షుడిగా ఉన్న సత్య, సామరస్య సంఘాన్ని వాళ్లు క్షమాభిక్ష కోరారు. ఎమీ తల్లి లిండా, తండ్రి పీటర్ విచారణకు వచ్చి, తాము అడ్డు చెప్పబోమన్నారు. 1998లో నలుగురికీ క్షమాభిక్ష లభించింది.

ఆ తల్లిదండ్రులు అక్కడితో ఆగలేదు. కూతురి పేరున ధర్మసంస్థ పెట్టి, ఆమె ప్రాణం పోయిన గుగులెతులోనూ, అలాంటి ఇతర పేటల్లోనూ పిల్లల కోసం పని మొదలుపెట్టారు. బడి వదిలాక ఆటలు, సంగీతం, నృత్యం, చదువులో సాయం, బతుకులో ఎదురయ్యే చిక్కుల గురించి మాట్లాడి దారి చూపడం. హింస వైపు వెళ్లే దారిలోనే పిల్లలను ఆపడం వారి ఉద్దేశం. క్షమాభిక్ష పొందిన నలుగురిలో ఇద్దరు తరువాత ఆ సంస్థలోనే పనిచేశారు! పీటర్ 2002లో కన్నుమూసినా లిండా ఆ పని వదలలేదు.

నేను బరంపురంలో చాలాకాలం మాస్టరుగా పనిచేశాను. పిల్లలు చెడిపోయేది బడిలో కాదు. బడి వదిలిన తరువాత, అమ్మానాన్నలు పని నుంచి ఇల్లు చేరేలోపు. ఆ మూడు గంటలు వీధి వాళ్లను పిలుస్తుంది. పేకాట, గుట్కా, పెద్ద కుర్రాళ్ల సావాసం అప్పుడే అంటుకుంటాయి. అదే వేళ ఒక కబడ్డీ జట్టు, రోజూ హాజరు అడిగే ఒక అన్నయ్య ఉంటే పిల్లవాడు అటు వెళతాడు. గురువుకు చెప్పని సంగతులు ఆట ముగిశాక మంచినీళ్లు తాగుతూ ఆ అన్నయ్యకు చెబుతాడు. ఆ మాట ఓపికగా వినేవారుండటమే సగం మందు.

మనలో చాలామంది సంఘాలకు సొంత హాళ్లున్నాయి. ఉగాదికి, సంక్రాంతికి కళకళలాడి, తక్కిన రోజుల్లో తాళం వేసి ఉంటాయి. మీ ఇంట ఎవరి జ్ఞాపకార్థమైనా ఏదైనా చేయాలనుకుంటే, ఆ హాలు సాయంత్రం పూట తెరిపించి చూడండి. నాలుగు బంతులు, రెండు క్యారమ్ బోర్డులు, చదువు చెప్పే ఒక కాలేజీ అమ్మాయి చాలు. తెలుగు పిల్లలకే అని గీత గీయకండి. మన పిల్లలు పెరుగుతున్నది ఆ ఒరియా పిల్లల పక్కనే, ఆ తమిళ, కన్నడ, మరాఠీ పిల్లల పక్కనే కదా!