కుదురు కోసం వేసే మాత్ర

పిల్లలకు వేసే ఒక మాత్ర పేరులో ఒక ఇల్లాలి పేరు దాగి ఉన్నదంటే నమ్ముతారా? 1944లో స్విట్జర్లాండులో సిబా కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు లియాండ్రో పానిజోన్ ఒక మందు తయారుచేశాడు. ఆయన భార్య ముద్దుపేరు రీటా. ఆ పేరు మీదుగానే అది రిటాలిన్ అయింది. అసలు పేరు మిథైల్‌ఫెనిడేట్.

దేనిమీదా మనసు నిలవకపోవడం, క్షణం కుదురుగా కూర్చోలేకపోవడం, ముందూ వెనుకా చూడని తొందర, ఇవి వయసుకు మించి, ఇంటా బళ్లోనూ బతుకుకు అడ్డువచ్చేటంతగా ఉంటే దానిని ఏ.డి.హెచ్.డి. అంటారు. అల్లరి పిల్లలందరికీ ఇది ఉన్నట్టు కాదు సుమా! ఉన్నవారికి ఈ మందు మెదడులో డోపమైన్, నారడ్రినలిన్ అనే రసాయనాల పని పెంచి, మనసుకు పగ్గం అందిస్తుంది. చాలామందికి మేలే చేస్తుంది.

"మాత్ర మొదలుపెట్టాక మావాడు ఎంత బుద్ధిమంతుడయ్యాడో డాక్టరుగారూ! నోరు మెదపడు, ఆటకైనా పోడు" అని ఒక తల్లి నాతో మురిసిపోతూ చెప్పింది. నాకు మాత్రం మురిపెం కలగలేదు. మోతాదు తగ్గించాను. వారం తిరిగేసరికి వాడు చెల్లెల్ని ఏడిపించడం మొదలుపెట్టాడు. లెక్కలు చేయడం మాత్రం మానలేదు. మందు అల్లరిని తగ్గించవచ్చుగాని నవ్వును తీసివేయకూడదు.

ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం సామాన్యం. కొందరికి చిరాకు, దిగులు, ఊరికే కన్నీళ్లు వస్తాయి. మందు పట్టు సడలే సాయంకాలం వేళ కొందరు మరీ పెంకితనం చేస్తారు. 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందులకు హెచ్చరిక పత్రం జతచేయమన్నది. పూర్వం ఏ మానసిక వ్యాధీ లేనివారిలో కూడా, వెయ్యిమందిలో సుమారు ఒకరికి, లేని గొంతులు వినబడడం, నిష్కారణంగా అనుమానాలు, మితిమీరిన ఉద్రేకం కలగవచ్చునని అందులోని మాట. అటమాక్సిటిన్ అనే వేరొక జాతి మందు విషయంలో, కొందరు పిల్లలకు ఆత్మహత్య ఆలోచనలు రావచ్చునని 2005లోనే హెచ్చరించారు. ఇటువంటి సూచన కనబడితే అపాయింట్‌మెంటు రోజు కోసం ఆగకండి. వెంటనే డాక్టరుకు చెప్పండి.

మందు మొదలుపెట్టకముందే, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బుగాని మానసిక వ్యాధిగాని ఉంటే దాచకుండా చెప్పాలి. పరీక్షలు దగ్గరపడ్డాయని మీ అంతట మీరు మోతాదు పెంచకండి. క్లోనిడిన్ వంటి మందు హఠాత్తుగా మానితే రక్తపుపోటు ఎగదన్నవచ్చు. కనుక మానడం కూడా డాక్టరును అడిగే చేయాలి. మాత్రలు బీరువాలో తాళం వేసి ఉంచండి. "రాత్రంతా చదవచ్చట" అని స్నేహితులు అడిగితే ఒక్కటికూడా ఇవ్వరాదని పిల్లలకు చెప్పండి. మన దేశంలో మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందకు వస్తుంది.

ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు మార్కుల పట్టీ ఒక్కటే పట్టుకువెళ్లకండి. పిల్లవాడి నిద్ర, తిండి, ఆట, మాట ఎలా ఉన్నాయో నాలుగు ముక్కలు కాగితంమీద రాసి తీసుకువెళ్లండి. మాకు దానితోనే ఎక్కువ పని.