కనిపించీ కనిపించని కురులు

కంప్యూటర్ ఆటలోని కథానాయికకు కొత్త కేశాలంకారం చేయడం సులభమని ఎవరైనా భావిస్తే, వారు ఆ పనికి ఎన్నడూ పూనుకోలేదన్నమాట. బెథెస్డా సంస్థ 2011లో విడుదల చేసిన ‘స్కైరిమ్’ ఆటను సొంత రూపాలతో అలంకరించే ఔత్సాహికులు అనేక దేశాల్లో ఉన్నారు. మాడింగ్ అనే ఈ వ్యాసంగంలో చాలామందికి ఆత్మసంతృప్తే ప్రతిఫలం. వారాల తరబడి మలచిన శిరస్సును తీరా ఆటలో నిలిపి చూస్తే, ముందు పాయల సందుల్లో వెనుక పాయలు కనిపించవలసిన చోట దూరపు కొండ దర్శనమిస్తుంది! తలకు కన్నం పడిందా అనిపిస్తుంది.

వెంట్రుకలను ఒక్కొక్కటిగా నిర్మించడం ఆటకు మోయరాని భారం. అందుచేత పలుచని పలకలపై జుట్టు చిత్రాన్ని పరచి, నడుమ ఖాళీలను పారదర్శకం చేస్తారు. చిత్రంలోని ప్రతి బిందువుకు మూడు వర్ణాలతోపాటు ‘ఆల్ఫా’ అనే నాలుగవ అంశం ఉంటుంది. దాని విలువ సున్నా అయితే పూర్తి పారదర్శకం. 255 అయితే పూర్తి ఘనం. ఎడ్విన్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్‌లు 1977 ప్రాంతంలో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో దీనిని రూపొందించారు.

విచిత్రమేమంటే, దీనితో పొసగని మరొక పద్ధతిని కూడా అదే క్యాట్‌మల్ 1974లో యూటా విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో వర్ణించారు. అది ‘జడ్ బఫర్’. తెరపై ప్రతి బిందువు వద్ద అంతవరకు గీసిన వస్తువు ఎంత దూరంలో ఉన్నదో అది గుర్తుంచుకుంటుంది. అంతకంటె దూరపు వస్తువు తరువాత వస్తే గీయనివ్వదు. ఘనవస్తువులకు ఇది దివ్యమైన ఏర్పాటు. కాని ముందు పలకనే ముందుగా గీస్తే, దాని ఖాళీల దూరం కూడా నమోదవుతుంది. ఇక వెనుక పాయకు ప్రవేశం నిషిద్ధం!

చికిత్స ‘నిఫ్‌స్కోప్’ అనే ఉచిత ఉపకరణంలో జరుగుతుంది. నమూనాలోని ‘ఆల్ఫా ప్రాపర్టీ’ అనే అంగంలో 237 అనే సంఖ్య ఉంటే, ఆట రంగులను ఒకదానిలో ఒకటి కలుపుతుంది. దానిని 4844గా మార్చితే కలపడం మాని పరీక్షిస్తుంది: ఆల్ఫా నిర్ణీత హద్దును, సాధారణంగా 128ని, మించిన బిందువును ఘనంగా గీస్తుంది; తక్కినదానిని గీయనే గీయదు, దూరమూ నమోదు చేయదు. వెనుక పాయలు ప్రత్యక్షమవుతాయి. కురుల అంచులు కాస్త మొరటుగా తేలే మాట నిజమే. అయినా తలలో కన్నం కంటె మొరటు అంచు మేలు కాదా?

ఆ అంగమే లేకపోతే జుట్టు అట్టముక్కల వలె ఘనంగా నిలుస్తుంది. చిత్రాన్ని భద్రపరచిన తీరూ చూడాలి. డీఎక్స్‌టీ1 పద్ధతి 16 బిందువులను 8 బైట్లలో ఇముడ్చుతుంది. అందులో పారదర్శకత ఉంటే ఉన్నట్లు, లేకుంటే లేనట్లు, మధ్యస్థితి లేదు. మెత్తని అంచులు కోరేవారు 16 బైట్లు తీసుకునే డీఎక్స్‌టీ5ను ఆశ్రయించాలి.

గాజుపాత్రకు మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. అక్కడ రంగులు కలవవలసిందే. కనుక భాగాలను విడదీసి, దూరపు భాగం ముందుగా చిత్రితమయ్యేలా వరుస కుదర్చాలి. ఇక జుట్టు విషయంలో మరొక చిక్కు మిగులుతుంది. దూరం నుంచి చూసినప్పుడు ఆట చిత్రపు చిన్న ప్రతులను వాడుతుంది. వాటిలో సన్నని పాయల ఆల్ఫా సగటులో కరిగి హద్దుకు దిగువకు పడిపోతుంది. దగ్గర ఒత్తుగా ఉన్న జడ దూరాన పలచబడుతుంది. హద్దును 128 నుంచి కొంత తగ్గించడమో, చిన్న ప్రతులలో ఆల్ఫాను పెంచడమో చేస్తే జడ తిరిగి నిండుగా కనిపిస్తుంది.