రిచ్ టెక్స్టు ఎడిటరు - తెలుగు అక్షరగణనము

పూర్వము గ్రంథపరిష్కర్త తాళపత్ర ప్రతులను సరిపోల్చి, పాఠాంతరములను పుట అడుగున వ్రాసికొనెడివాడు. నేడు ఆ పనిని వెబ్ పుటయందే జరుపవచ్చును. అందులకు కావలసినది రిచ్ టెక్స్టు ఎడిటరు. అనగా అక్షరములను లావుగను వాలుగను చేయుటకును, పదములకు గుర్తులు పెట్టుటకును వీలైన లేఖనఫలకము. దీనిని జావాస్క్రిప్టుతో వెబ్ అనువర్తనమునకు జోడించు విధమును, అందు తెలుగు లిపికి కలుగు చిక్కును ఇచ్చట విచారింతము.

పుటలోని భాగమును చదువరియే దిద్దుటకు వీలొసగు ‘కంటెంట్ ఎడిటబుల్’ లక్షణము 2000లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5.5తో వచ్చినది. కాని ఒకే మీట నొక్కినను బ్రౌజరును బట్టి వేర్వేరు హెచ్.టి.ఎం.ఎల్. పుట్టుచుండెను. అందుచేత క్విల్, ప్రోస్‌మిర్రర్ వంటి ఉపకరణములు పాఠమును తమ సొంత నమూనాలో నిలుపుకొని, తెరపై దృశ్యమును దానినుండి కల్పించుచున్నవి.

క్విల్‌ను జోడించుట సులభము. పుటలో ఖాళీ పెట్టె నొకదాని నుంచి, దాని పేరును, అనుమతింపదగిన అలంకరణల పట్టికను ఇచ్చి ఎడిటరును సృష్టింపవలెను. పట్టిక చిన్నదైనచో, ఇతర పత్రములనుండి అతికించిన పాఠముతో వచ్చు అనవసరపు రంగులు తొలగిపోవును. ‘టెక్స్ట్ చేంజ్’ సంకేతము వచ్చిన పిదప కొంచెమాగి పాఠమును సర్వరునకు పంపవలెను. దానిని ‘డెల్టా’ రూపమున నిలువచేయుట యుక్తము. ఇది పాఠఖండముల వరుస. ప్రతి ఖండమునకు దాని అలంకరణ పక్కనే యుండును. హెచ్.టి.ఎం.ఎల్.గా నిలువచేసినచో, మరల చూపుటకు ముందు అందలి హానికర స్క్రిప్టులను ఏరివేయుట తప్పనిసరి.

అసలు చిక్కు లెక్కలో నున్నది. ‘లక్ష్మి’ అను పదమున మనకు అక్షరములు 2. జావాస్క్రిప్టునకు 7: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. క్విల్ కూడ స్థానములను ఇట్లే లెక్కించును. మేము ఒక నమూనా పాఠమును సిద్ధపరచునపుడు పాఠాంతరముల పట్టికను అక్షరసంఖ్యతో వ్రాసితిమి. రెండవ అక్షరమునకు పెట్టిన గుర్తు ‘క’పై మాత్రమే పడి, సంయుక్తాక్షరము చీలినది. ఇది దృశ్యదోషము మాత్రమే కాదు. పోను పోను స్థానములు వెనుకబడి, ఒక పద్యపు పాఠాంతరము పై పద్యమునకు అంటుకొనినది. దోషము ఎడిటరుది కాదు, మాదే.

దీనికి పరిహారము జావాస్క్రిప్టులోని ‘సెగ్మెంటరు’. ఇది పాఠమును అక్షరములుగా విడదీయును. అయితే తెలుగు సంయుక్తాక్షరమును ఒక్కటిగా నుంచు నియమము 2023లో యూనికోడు 15.1తోనే వచ్చినది. అంతకు పూర్వపు నియమముల ననుసరించు బ్రౌజరు ‘లక్ష్మి’ని ల, క్, ష్, మి అని నాలుగుగా చీల్చును. కావున మొదట ఈ పదముతోనే పరీక్షించి, రెండు రానిచో పొల్లుతో ముగిసిన ముక్కను తరువాతి హల్లుతో కలుపవలెను. ‘పార్క్‌లో’ వంటి పదమున క-కారపు పొల్లుకు, ల-కారమునకు నడుమ కంటికి కనబడని విభాజక సంకేతము గలదు. అచ్చట కలుపరాదు, ఆ సంకేతమును చెత్తగా నెంచి తొలగింపనురాదు.

లిప్యంతరీకరణ పద్ధతిని టైపు చేయువారి విషయమున మరియొక జాగ్రత్త. ‘కాంపోజిషన్ స్టార్ట్’ మొదలు ‘కాంపోజిషన్ ఎండ్’ వరకు అక్షరము ఇంకను రూపొందుచుండును. ఆ నడుమ మన ప్రోగ్రాము పాఠమును ముట్టుకొనినచో అక్షరము చెడవచ్చును.

కడపట, ప్రతి గుర్తుతోడను స్థానసంఖ్యయేగాక ఆ మూలపదమును కూడ నిలువచేయవలెను. అచ్చుప్రతులలో పరిష్కర్తలు అధస్సూచికయందు మూలపదమును తిరిగి పేర్కొనుట ఇందులకే. సంఖ్య తప్పినను పదము సాక్ష్యమిచ్చును. రెండును పొసగనిచోట ఎడిటరు నోరు మూసికొనక పరిష్కర్తను హెచ్చరింపవలెను.